ఏముంది? గొయ్యి!

బెల్గాసెమ్ దేన్నీ మెచ్చుకోడు. అతనికున్న లోపం అదొక్కటే. అది ఉన్నాక మనిషికి ఇంకో లోపం అక్కర్లేదు. గోడలకు సున్నం కొట్టుకునేవాడో, గాడిదలకు నాడాలు కొట్టేవాడో అయితే ఊరు సర్దుకుపోయేది. కానీ బెల్గాసెమ్ గైడు. ట్యునీసియా దక్షిణాన, మత్మాతా కొండల నడుమ బెనీ మర్జూగ్ అనే ఊళ్ళో, ప్రపంచంలోని వింతలన్నీ చూసేద్దామని దేశదేశాల నుంచి దిగే జనానికి ఊరు తిప్పి చూపించడం అతని వృత్తి.

ఆ ఊళ్ళో ఇళ్ళు నేల మీద ఉండవు. పెద్ద దిగుడుబావి అంత గొయ్యి తవ్వుకుని, దాని అడుగునే వాకిలి చేసుకుని, చుట్టూ మట్టిగోడల్లోకి గదులు తొలుచుకుని ఉంటారు. దూరం నుంచి చూస్తే ఊరు కనపడదు. నేలలోంచి పొగ లేస్తూ కనపడుతుంది. ఇలాంటి ఊళ్ళో గైడుకి పెద్ద పనేముంటుంది? వచ్చినవాణ్ణి గొయ్యి అంచున నిలబెట్టి ఒక్క "ఆహా" అంటే చాలు. మిగతా ఆహాలు వాడే అనుకుంటాడు.

బెల్గాసెమ్ ఆ ఒక్కటీ అనడు. అంచున నిలబెడతాడు, తనూ ఒకసారి కిందికి తొంగి చూస్తాడు, "ఏముంది? గొయ్యి," అంటాడు.

దీనివల్ల అందరికన్నా ఎక్కువ నలిగిపోయినవాడు అతని బావమరిది లజ్‌హర్. ఊరి మొదట్లో పదకొండు గదుల గొయ్యిలో చిన్న హోటల్ నడుపుతున్నాడు. తెల్లవారితే బల్లలు తుడిచి, టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, బస్సు కోసం రోడ్డు వైపు చూడటం అతని దినచర్య. సొంత అక్క మొగుడు ఊరికి గైడని తెలిసి, ఇక తనకు లోటుండదని హోటల్ పెట్టిన అమాయకుడు.

ఒకసారి జర్మన్ దంపతులు వచ్చారు. చేతిలో పుస్తకం, కళ్ళల్లో ఆశ. బెల్గాసెమ్ వెంట లజ్‌హర్ కూడా వెళ్ళాడు, కాస్త సర్దిచెప్పొచ్చని.

"ఈ ఇల్లు ఎన్నేళ్ళ నాటిది?" అని అడిగాడు భర్త.

"ఎవడికి తెలుసండీ? గొయ్యికి పుట్టినరోజు చేస్తామా?"

"లోపల ఎండాకాలం కూడా చల్లగా ఉంటుందట కదా?"

"నేల కింద చల్లగా ఉండక ఉడికిపోతుందా? బంగాళాదుంపలు పాతిపెట్టినా చల్లగానే ఉంటాయి."

భార్య ఎదుటి కొండను చూపించింది. "అదిగో, పడుకున్న సింహంలా ఉంటుందని పుస్తకంలో రాశారు."

బెల్గాసెమ్ కొండవైపు చూశాడు. తల ఒక పక్కకి వంచి చూశాడు. ఇంకో పక్కకి వంచి చూశాడు. "పిండి బస్తా," అన్నాడు.

అంతే, ఆ తర్వాత ఆ దంపతులు గంటసేపు ఎన్ని కోణాల్లో చూసినా వాళ్ళకు సింహం కనపడలేదు. పిండి బస్తాతో ఫోటో దిగి వెళ్ళిపోయారు.

ఊళ్ళో ఒక నేలమాళిగలో నూనె గానుగ ఉంది. కళ్ళకు గంతలు కట్టిన ఒంటె దాని చుట్టూ తిరుగుతుంది. ఎవరొచ్చినా అక్కడ ఆగి ముచ్చటపడతారు. ఒక పెద్దావిడ జాలిగా అడిగింది, "పాపం, దానికి గంతలెందుకయ్యా?"

"ఎక్కడికీ పోవట్లేదని దానికి తెలీకుండా."

"అయ్యో!"

"మాకు గంతలు కూడా లేవమ్మా," అన్నాడు బెల్గాసెమ్.

పోనీ పని వరకేనా అంటే ఇంట్లోనూ అంతే. లజ్‌హర్‌కు నాలుగో ఆడపిల్ల పుట్టి ఏడో రోజు విందు చేస్తే, చుట్టాలందరూ వరసగా వచ్చి చంద్రబింబమనీ, ఖర్జూరపు పండనీ మెచ్చుకుని వెళ్ళారు. బెల్గాసెమ్ వంతు వచ్చింది. ఉయ్యాల మీదికి వంగి చూశాడు.

"పిల్ల," అన్నాడు.

"పిల్లేలే బావా. ఎలా ఉంది?"

"చిన్నది."

లజ్‌హర్ భార్య జీనా ఎనిమిది రోజులు అతనితో మాట్లాడలేదు. ఆమె తల్లి మాత్రం మహా సంబరపడింది. "పిచ్చిదానా, ఆ నోటితో తీసిపారేశాడంటే ఇక ఏ కన్నూ తగలదు, దిష్టి కట్టయిపోయింది," అంది. ఆ మాట ఊరంతా పాకింది. ఆనాటి నుంచి ఆడవాళ్ళు పసిపిల్లల్ని చంకనేసుకుని బెల్గాసెమ్ ఇంటి ముందు వరస కట్టడం మొదలుపెట్టారు. కొత్త తివాచీ నేసినా తెచ్చి అతని ముందు పరిచేవారు. "దారం ఉంది," అనేవాడు. హమ్మయ్య అనుకుని చుట్టుకుపోయేవారు.

విచిత్రమేమిటంటే బెల్గాసెమ్ పుట్టుకతో ఇలా లేడు. ఆరేళ్ళ కిందటి వరకూ ఆ కొండల్లో అతన్ని మించిన కోతలరాయుడు లేడు. అప్పట్లో ప్రతి గొయ్యికీ ఒక రాజు ఉండేవాడు, ప్రతి రాతికీ ఒక భూతం ఉండేది. రెండు వేల ఏళ్ళ కిందట రోము మీదికి దండెత్తిన హనీబల్ తన ఏనుగులకు ఫలానా తొట్టిలోనే నీళ్ళు పట్టించాడని చెప్పి ప్రతి బస్సు జనాన్నీ ఆ తొట్టి చుట్టూ నిలబెట్టేవాడు. అది సిమెంటు తొట్టి. అలాంటివాడు ఒక వేసవిలో, ఉన్నట్టుండి మారిపోయాడు. ఉప్పుమడుల్లో ఎండదెబ్బ తగిలిందని కొందరన్నారు. పెళ్ళాం పోరుకి లోకం మీద విరక్తి పుట్టిందని కొందరన్నారు. లజ్‌హర్‌కు ఆ రెండోది నచ్చలేదు, ఆ పెళ్ళాం తన అక్క కనుక.

మూడో కారణం ఒకటుంది. ఊరికి పైన, కొండవాలులో దావూ అనే ముసలాయన ఇల్లుంది. అంచంతా తెల్లగా సున్నం కొట్టి, రెండు అంతస్తులుగా గదులు తొలిచి, పైకప్పుల మీద చేపలూ అరచేతులూ తెల్లముగ్గులా గీసిన ఇల్లు. ఆ చుట్టుపక్కల అంత అందమైన గొయ్యి ఇంకోటి లేదు. ఎవరైనా దానివైపు వేలు చూపిస్తే చాలు, బెల్గాసెమ్ "గొయ్యి" అని కూడా అనేవాడు కాదు. "అదా? మేకల దొడ్డి," అని జనాన్ని వెనక్కి మళ్ళించేవాడు. దావూకీ బెల్గాసెమ్ తండ్రికీ ఎప్పుడో ఒక ఆలివ్ చెట్టు గట్టు దగ్గర మాటా మాటా వచ్చిందట. ఆ కక్ష ఇలా తీర్చుకుంటున్నాడని ఊరు తీర్పు చెప్పేసింది. లజ్‌హర్ కూడా ఆ తీర్పులో వేలు పెట్టినవాడే.

కిందటి చలికాలం ఫ్రెంచి వాళ్ళ బస్సొకటి వచ్చింది. ముప్ఫైమంది. లజ్‌హర్ ముందురోజే కబురందుకుని, జీనా చేత పెద్ద హండాకి గోధుమరవ్వ కుస్కుస్ వండించాడు. బస్సు ఆగింది. బెల్గాసెమ్ లోపలికెక్కి నమస్కారం చెప్పి, "కాళ్ళు నొప్పులున్నవాళ్ళు దిగొద్దు. దిగితే మళ్ళీ ఎక్కాలి. చూడ్డానికేముంది? గొయ్యి," అన్నాడు. బస్సు కాసేపు ఆలోచించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

లజ్‌హర్ గరిటె పట్టుకునే బయటికొచ్చాడు. "బావా! ముప్ఫైమంది! నేను ముప్ఫైమందికి వండించాను!"

"ఉప్పు సరిపోయిందా?"

"నా కొంప ముంచుతున్నావు!"

"నీ కొంప ఆల్రెడీ నేల కిందే ఉంది కదరా."

ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు ఆ కుస్కుసే తిన్నారు. ఐదో రోజు కోళ్ళు కూడా వద్దన్నాయి.

ఇదిలా ఉండగా, వసంతకాలంలో ఇటలీ నుంచి ఓర్నెల్లా అనే ఆవిడ వస్తున్నట్టు కబురొచ్చింది. మనుషులు విచిత్రమైన చోట్ల ఎలా కాపురాలుంటున్నారో లోకమంతా తిరిగి పుస్తకం రాస్తోందట. ఈ కొండల్లో మూడు ఊళ్ళు చూసి, ఒక్క ఊరిని ఎంచుకుంటుందట. పుస్తకంలో పడితే బస్సులు వస్తాయి. పడకపోతే వచ్చే చలికాలానికి హోటల్ మూసేసి, గాబెస్ రేవులో మూటలు మోయడమే లజ్‌హర్‌కు మిగిలిన దారి.

ఆరోజు పొద్దున్నే లజ్‌హర్ బావ దగ్గరికెళ్ళాడు. "బావా, గ్యాస్ అయిపోయింది. గాబెస్ వెళ్ళి సిలిండర్ తెచ్చిపెట్టు."

"ఇక్కడ దొరకదా?"

"మంచిది దొరకదు."

"సిలిండర్లో మంచీ చెడ్డా ఏముంటుందిరా? గాలి," అన్నాడు గానీ, బెల్గాసెమ్ వెళ్ళి కారెక్కాడు. అది మలుపు తిరిగేదాకా లజ్‌హర్ కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. ఎన్నాళ్ళకో అతనికి ఊపిరాడింది.

ఓర్నెల్లా యాభై దాటిన మనిషి, గట్టి బూట్లు, చిన్న నోటుపుస్తకం. అరబ్బీ అర్థమవుతుంది, కాస్త తడబడుతూ మాట్లాడుతుంది. లజ్‌హర్ తన పదకొండు గదులూ చూపించాడు, గానుగ చూపించాడు, ఒంటెను చూపించాడు. ఆవిడ మర్యాదగా తలూపింది. పక్క ఊళ్ళో కూడా ఇవే చూశానంది. అప్పుడావిడ కొండవాలు వైపు చెయ్యెత్తింది.

"ఆ తెల్లంచు ఏమిటి?"

బావ ఊళ్ళో లేడు. ఆపేవాడు లేడు. "అదా! అసలైంది అదేనండీ, పదండి," అన్నాడు లజ్‌హర్.

దావూ ముసలాయన వాకిట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు. వాకిట్లోకి దిగే సొరంగం దారిలోంచి అపరిచితురాలు రావడం చూసి, తాడు పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోయింది. ఎవరు, ఎందుకొచ్చారు అని ఒక్క ముక్క అడగలేదు. "రండి, రండి! ఎన్నేళ్ళయింది ఈ గడప అతిథిని చూసి! మబ్రూకా, చాప వెయ్యి!" అని భార్యను కేకేసి, చేతులు గుండెకానించి వంగి, గబగబా పక్క గదిలోకి మాయమయ్యాడు.

ఓర్నెల్లా ఎదుటి గదిలోకి తొంగి, పైకప్పు మీది చేపల్ని చూస్తూ నోటుపుస్తకం తీసింది. లజ్‌హర్ తృప్తిగా మీసం దువ్వుకున్నాడు. అంతలో పక్క గదిలోంచి రాతి మీద ఇనుము గీస్తున్న చప్పుడు వినిపించింది. సర్ర్, సర్ర్.

మబ్రూకా చాప వదిలేసి అతని చెయ్యి పట్టుకుని మూలకు లాగింది. "ఏం పని చేశావురా నాయనా! ఎందుకు తీసుకొచ్చావు?"

"ఏమైందత్తా?"

"కత్తి నూరుతున్నాడు, వినపడట్లా? అతిథి గడప తొక్కితే మాంసం పెట్టకుండా పంపడు మీ మామ. ఆ వేసవిలో బస్సుల వాళ్ళు వచ్చేవారు చూడు, వచ్చినప్పుడల్లా ఒక మేక. ఉన్నవి పదిహేడు. డబ్బిస్తే తీసుకోడు. ఎవరో టీ కప్పు కింద డబ్బు నోటు పెట్టిపోతే, గాడిదెక్కి బస్సును తరిమి తరిమి కిటికీలోంచి విసిరేసొచ్చాడు. పదహారైపోయాయి. ఇప్పుడు మిగిలింది ఒక్కటే, పాలిచ్చేది. మా ఇద్దరి కూడూ అదే."

"మరి మాకెవరికీ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మా ఆయనకు అతిథికి పెట్టే తాహతు లేదని ఊళ్ళో చాటించనా? ఆ మాట చెవినపడితే ఆయన బతుకుతాడా? అందుకే బెల్గాసెమ్ ఒక్కడికే చెప్పుకున్నాను. జనం రాకుండా చూడు నాయనా, కారణం మాత్రం బయటపడకూడదు అన్నాను. ఆరేళ్ళుగా ఒక్కణ్ణి రానివ్వలేదు, చల్లగా ఉండాలి."

లజ్‌హర్‌కు ఆలివ్ చెట్టూ, ఊరి తీర్పూ, గరిటె పట్టుకుని తాను అరిచిన అరుపులూ ఒక్కసారి గుర్తొచ్చాయి. చెవులు వేడెక్కాయి. ఆలోచించే తీరిక మాత్రం లేదు. దావూ కత్తి దట్టీలో దోపుకుని, మేకను తాడు పట్టి వాకిట్లోకి నడిపించుకొస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే సొరంగం దారిలో దడదడమని చప్పుడైంది. బెల్గాసెమ్ ఊడిపడ్డాడు. భుజం మీద గ్యాస్ సిలిండర్, ముఖమంతా చెమట. సగం దారిలోనే ఒక కొట్లో సిలిండర్ దొరికితే తీసుకుని వెనక్కొచ్చేశాడు. హోటల్లో జీనా, వాళ్ళు పైకి వెళ్ళారని చెప్పగానే దాన్ని దించడం కూడా మరిచిపోయి కొండెక్కేశాడు.

"ఆగు మామా!" సిలిండర్ దించి రొప్పాడు. "ఈ మేకనా కోస్తావు? ఏముంది దీంట్లో? ఎముకలు!"

దావూ ముఖం ఎర్రబడింది. "నా మేక ఎముకలా? అతిథి ముందు నా మేకను ఎముకలంటావా? ఇప్పుడే కోసి చూపిస్తా, ఎంత కొవ్వుందో!"

"కొవ్వా! తోలు తప్ప..."

"బావా, నోర్ముయ్," అన్నాడు లజ్‌హర్ పళ్ళ బిగువున. "ఎక్కువ చేస్తున్నావు." తనే ముందుకొచ్చాడు. "మామా, ఈవిడ నా అతిథి. ముందు నా ఇంట్లో దిగింది. మూడు రోజులు ఇంకో ఇంట భోంచెయ్యకూడదు. మా తాత చెప్పేవాడు, అది పాత ఆచారం."

"మీ తాతా? నా పెళ్ళికొచ్చి ఒక్క పూట మూడిళ్ళలో తిన్నాడు మీ తాత!" అని దావూ కత్తి తీశాడు.

ఓర్నెల్లా నోటుపుస్తకం మూసి లేచింది. మబ్రూకా కొంగు నోట్లో కుక్కుకుంది. మేక ఒక్కటే ఏమీ పట్టనట్టు సిలిండర్ని వాసన చూస్తోంది.

బెల్గాసెమ్ మేకవైపు చూశాడు. కత్తివైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. మెచ్చుకోలు అనేది ఆరేళ్ళుగా తాళం వేసిన గది. తలుపు తెరుచుకోడానికి కాస్త కిర్రుమంది.

"మే... మేక," అన్నాడు. "మంచి మేక."

లజ్‌హర్ ఉలిక్కిపడ్డాడు.

"మంచి మేకేంటి! మామా, నీకు తెలీకుండా ఇన్నాళ్ళు ఎలా పెంచావు దీన్ని? ఆ చెవులు చూడు! ఆ నడక చూడు, రాణీగారు స్నానానికి పోతున్నట్టు! హనీబల్ సైన్యంతో పోతూ పోతూ జబ్బుపడితే, ఇదిగో, దీని ముత్తవ్వ ముత్తవ్వ పాలు తాగే లేచి కూర్చున్నాడు. ఈ సంగతి మనకు తెలీదు గానీ ఇటలీలో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. ఈవిడ అంత దూరం నుంచి ఎందుకొచ్చిందనుకున్నావు? గొయ్యి చూడ్డానికా? ఈ మేక పాలు ఒక్క గుక్క తాగి పోదామని! దాన్ని కోసి పెడతావా? దాహమని వచ్చినవాడికి బావి పూడ్చి మట్టి పెట్టినట్టు కాదూ!"

దావూ చెయ్యి మెల్లగా దిగింది. మేకను కొత్తగా చూశాడు. "చెవులు... అవును. నేనూ అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు. తర్వాత ఓర్నెల్లా వైపు తిరిగాడు. "నిజమేనామ్మా?"

ఓర్నెల్లా ముగ్గురి ముఖాలూ వరసగా చూసింది. ఆవిడకు అరబ్బీ వాళ్ళనుకున్నదానికన్నా బాగానే వచ్చు. "పాల కోసమే వచ్చాను, అయ్యా," అంది. "మాంసం నాకు సరిపడదు కూడాను."

దావూ కత్తి పెట్టేసి చెంబు తెచ్చాడు. ఆవిడ మూడు గిన్నెల పాలు తాగింది. మూడో గిన్నె కష్టపడే తాగింది. మబ్రూకా వేడి రొట్టెలు కాల్చి, ఆలివ్ నూనెలో ముంచి, ఎండు అత్తిపళ్ళతో పెట్టింది. దావూ తన చేత్తో వడ్డించి, ప్రతి ముద్దకూ ఆవిడ ముఖంలోకి చూశాడు. రాజుకి విందు చేసినవాడు కూడా అంత తృప్తి పడి ఉండడు.

కొండ దిగేటప్పుడు సిలిండర్ లజ్‌హర్ మోశాడు.

"నాకైనా చెప్పకపోయావా బావా?" అన్నాడు.

"చెబితే ఏం చేసేవాడివి? జాలిపడి ఆయనకు రెండు మేకలు తోలుకెళ్ళి ఇచ్చేవాడివి. ఆయనకు తెలిసిపోయేది."

"ఆ ఇంటిని తిట్టావు, సరే. ఊరు మొత్తాన్ని ఎందుకు తిట్టావయ్యా?"

"ఒక్క ఇంటినే తిడితే జనం ఎందుకని ఆలోచిస్తారు. అన్నిటినీ తిడితే వీడి నోరే అంత అనుకుంటారు."

"మరి నా కూతురు?"

"అప్పటికి అలవాటైపోయిందిరా. అయినా నిజం చెప్పు, చిన్నదే కదా?"

మర్నాడు వెళ్ళేముందు ఓర్నెల్లా నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి లజ్‌హర్ చేతిలో పెట్టింది. దాని మీద తెల్లంచు ఇంటి బొమ్మ ఉంది. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. ఎండ కళ్ళల్లో పడి, ఆ వైపు నాకేమీ సరిగ్గా కనపడలేదు," అంది.

పుస్తకం మరుసటేడు వచ్చింది. బెనీ మర్జూగ్‌కు నాలుగు పేజీలు దక్కాయి. లజ్‌హర్ హోటల్ ఉంది, గానుగ ఉంది, ఒంటె ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా, ప్రపంచంలో తన ఊళ్ళో చూడ్డానికేమీ లేదని చెప్పే ఒకే ఒక్క గైడు గురించి ఉంది. ఇక చూసుకోండి, బస్సుల మీద బస్సులు. వచ్చినవాళ్ళు గొయ్యి అంచున నిలబడి బెల్గాసెమ్ నోటివైపే చూస్తారు. "ఏముంది? గొయ్యి," అనగానే చప్పట్లు కొడతారు. "దీనికి చప్పట్లెందుకు?" అని అతను విసుక్కుంటే ఇంకా గట్టిగా కొడతారు. దావూ పాడిమేక రెండు పిల్లల్ని పెట్టింది.

ఆ చలికాలం బెల్గాసెమ్‌కు జలుబు చేసి గొంతు పోయింది. హోటల్ మూలన దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. నలభైమంది దిగారు. ఊరు తిప్పే పని లజ్‌హర్ మీద పడింది. టీ తాగుతూ వాళ్ళలో కెమెరా వేసుకున్న ఒకాయన కొండవాలు వైపు చూశాడు.

"ఆ తెల్లగా కనపడేదేమిటండీ? అక్కడికి వెళ్దామా?"

లజ్‌హర్ జన్మలో గిరాకీతో అబద్ధమాడి ఎరగడు. ఒక్క క్షణం తడబడి, బిగ్గరగా అందుకున్నాడు. "అదా? మేకల దొడ్డండీ! మహా కంపు! ఒక్కో గోమారు బొటనవేలంత ఉంటుంది. పైగా ఆ గోడలు ఏ రాత్రి కూలతాయో తెలీదు, లోపల నల్లటి పొట్టేలొకటి ఉంది, దాని కొమ్ములు మెలి తిరిగి, మెలి తిరిగి..."

కెమెరా ఆయన కళ్ళు మెరిశాయి. లేచి బూట్ల తాళ్ళు బిగించుకోసాగాడు.

దుప్పట్లోంచి ఒక చెయ్యి వచ్చి లజ్‌హర్ పైజామా పట్టుకు లాగింది.

"అంత బాగా చెప్పకురా వెధవా," అంది లోపలి నుంచి బొంగురు గొంతు. "నాకే చూడాలనిపిస్తోంది."